మూడో మలుపు బాకీ

దేవుణ్ణి ఇలాంటిది అడగొచ్చా? ఏటవాలు బాబాయ్‌ని ఏళ్ల తరబడి తొలుస్తున్న సందేహం ఇదొక్కటే. పిల్లల చదువు కోసం, ఇంటిల్లిపాది ఆరోగ్యం కోసం దండం పెట్టుకుంటే ఎవరూ కాదనరు. కానీ ఆయన రోజూ పొద్దున్నే దీపం పెట్టి, అందరి పేర్లూ చెప్పేశాక, చివర్లో గొంతు తగ్గించి, "స్వామీ, ఇవాళ కూడా ఈ వేళ్లు క్లచ్ పట్టుకునేలా చూడు" అని కలిపేవాడు. తన సరదా కోసం దేవుణ్ణి ఇబ్బంది పెడుతున్నానేమోనని జంకేవాడు. జంకుతూనే అడిగేవాడు.

ఆయనది పటాలకు ఫ్రేములు కట్టే కొట్టు. కీళ్లవాతం పడుచు వయసులోనే పట్టుకుంది. ముందు కుడి మోకాలు మొరాయించింది. ఇక కిక్ కొట్టడం కుదరలేదు. ఆ పాత మోటార్‌సైకిల్‌కేమో బటన్ నొక్కితే స్టార్టయ్యే సదుపాయం లేదు. అందుకని బండిని ఎప్పుడూ వాలు మీదే, ముందు చక్రం కిందివైపు ఉండేలా నిలిపేవాడు. ఎక్కి, రెండో గేరు వేసి, క్లచ్ పట్టుకుని జారనిచ్చి టక్కున వదిలితే ఇంజను అందుకునేది. కొట్టూ వాలులోనే, ఇల్లూ వాలులోనే. ఆ పేరు అలా వచ్చింది.

"అద్దె ఇల్లు చూడ్డానికెళ్తే ఎవరైనా వంటగది చూస్తారు. ఈయన గేటు ముందు గోళీ వదిలి, ఎటు దొర్లుతుందా అని చూస్తాడు" అని భార్య ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ గోళీని పోకుండా దాచేది మాత్రం ఆవిడే.

ఇప్పుడు జబ్బు వేళ్లకు పాకింది. డాక్టరమ్మ తన రెండు వేళ్లు అందించి గట్టిగా పట్టుకోమంది.

"ఇంకా గట్టిగా."

"ఇదే గట్టిగా అమ్మా."

ఆమె తన వేళ్లు వెనక్కి తీసుకుంది. "వచ్చే నెల మళ్లీ చూస్తాను. పట్టు ఇంతకంటే తగ్గితే బండి ఆపేయాల్సిందే. మీ కోసమే కాదు, రోడ్డు మీద జనం కోసం కూడా."

"అప్పటిదాకా నడపొచ్చుగా?"

"నేను వద్దంటే మానేస్తారా?"

"మానేస్తానమ్మా. అందుకే అడుగుతున్నా."

డాక్టరమ్మ నవ్వేసింది. "రద్దీలోకి మాత్రం వెళ్లకండి."

ఇంటికి రాగానే అక్కకు ఫోన్ చేశాడు. "రేపు పొద్దున తయారుగా ఉండక్కా. కొండెక్కుదాం."

అది పాత బాకీ. బండి కొన్న కొత్తలో, కొండ మీది నీళ్ల ట్యాంకు దాకా తీసుకెళ్తానని అక్కను వెనక ఎక్కించుకుని బయల్దేరాడు. మూడో మలుపులో బండి ఆగిపోయింది. వెనక్కి తిప్పడం నామోషీ అనిపించి కిక్ మీద కిక్ కొట్టాడు. బండి మరింత మొండికేసింది. అక్క చెప్పులు తీసి పక్కన పెట్టి, ఎండకు కాగిన రోడ్డు మీద వెనక నుంచి తోసి తోసి అలిసిపోయింది. చివరికి ఇద్దరూ తలలు వంచుకుని నడిచి దిగారు. అప్పట్నుంచీ నలుగురిలో ఎక్కడ కలిసినా, "ఒరే, నా కొండ ఏదిరా?" అనేది. ఇదిగో అదిగో అంటూ ఆయన సగం జీవితం గడిపేశాడు.

మర్నాడు అక్క కొత్త కాన్వాసు బూట్లతో దిగింది.

"ఇవెందుకే?"

"తొయ్యడానికి. ఈసారి కాళ్లు కాల్చుకోను."

వీధంతా నవ్వింది. బాబాయ్ కూడా నవ్వి, గేటు ముందు నుంచి జారి, వీధి చివర ఇంజను అందుకుని కొండదారి పట్టాడు.

మూడో మలుపు దగ్గర గేరు తగ్గిస్తుంటే వేళ్లు పట్టు తప్పాయి. క్లచ్ జారింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"ఒరే, ఇదే చోటు కదూ?"

"ఇదే."

"దిగనా?"

"నువ్వు దిగితే బాకీ అలాగే ఉంటుంది. కూర్చో."

ముందూ వెనకా చూశాడు. దారి ఖాళీ. హ్యాండిల్ తిప్పి బ్రేకు మెల్లగా వదిలాడు. బండి తన బరువుతోనే వెనక్కి జారి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. హ్యాండిల్ ఇంకోవైపు తిప్పి కాస్త ముందుకు జారనిచ్చాడు. ఇప్పుడు ముందు చక్రం కిందికి చూస్తోంది.

అక్క గొంతు దిగాలుపడింది. "ఇంటికేనా?"

"పైకి."

"పైకెళ్లే దారి ఇటా?"

"నాకిటే అక్కా."

ఆ రోజు నామోషీ అనుకున్న పని ఈ రోజు తడుముకోకుండా చేశాడు. రెండో గేరు వేసి జారనిచ్చాడు. క్లచ్ పట్టి ఉంచడమే ఆ వేళ్లకు కష్టం, వదిలేయడం కాదు. టక్కున వదిలాడు. ఇంజను గర్జించింది. కింద దారి వెడల్పైన చోట ఆపకుండా చుట్టు తిప్పి, ఇక క్లచ్ జోలికి పోకుండా అదే గేరులో ఎక్కించాడు. బండి మూలిగింది గానీ ఆగలేదు. మూడో మలుపు దాటుతుంటే అక్క చిన్నపిల్లలా కేక పెట్టింది.

పైన ట్యాంకు పక్కన, అలవాటు ప్రకారం, వాలు చూసుకునే ఆపాడు. హ్యాండిల్ మీంచి వేళ్లు మెల్లగా విప్పుకున్నాడు. అక్క ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలూ నిమిరింది. కింద ఊరంతా కనిపిస్తోంది. వచ్చే నెల డాక్టరమ్మ ఏమన్నా సరే, తాను ఇక్కడికి వచ్చాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. మలుపులో ఉన్నంతసేపూ దేవుణ్ణి ఏమీ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. వాలును పెట్టినవాడు ఆయనే కదా, అనుకున్నాడు.

అక్క ట్యాంకు గోడ మీద అరచేత్తో చరిచింది.

"తీరిందిరా నీ బాకీ" అంది. తర్వాత కాళ్ల వైపు చూసుకుని, "అనవసరంగా బూట్లు కొన్నాను" అంది.