ముఖం ఒకసారి, అక్షరాలు ఒకసారి

బోర్డు చదువుతూ చెల్లెలి చెయ్యి వదిలేశాను. ఆ రోజు ఎవరడిగినా ఇదే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ తల దించుకునే చెప్పాను.

ముప్పయ్యేళ్లు బస్సు రంగు చూసి, పక్కవాళ్లనడిగి ఎక్కినదాన్ని. యాభై దాటాక, రెండేళ్ల కిందట అక్షరాలు నేర్చుకున్నాను. ఆ పొద్దున బస్సు నుదుటి మీదున్న ఊరి పేరు కూడబలుక్కుంటూ, చివర ఒత్తు దగ్గర ఆగిపోయి వేలు పైకెత్తాను. చెల్లెలి మణికట్టు పట్టుకుని ఉండవలసిన చెయ్యి అదే. చదవడం అయి తల తిప్పితే అది లేదు. చుట్టూ వెతికి మళ్లీ చూసేసరికి బస్సూ లేదు.

దాన్ని చిలక అంటాం. పుట్టగానే ముక్కు చూసి మా నాన్న పెట్టిన ముద్దుపేరు. వినపడదనీ, మాటలు రావనీ అప్పటికి తెలియదు. ఇప్పుడు దానికి నలభై ఆరు. మూర్ఛ రాకుండా పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఆరింటికి ఒక మాత్ర. వెనకనుంచి ఎవరైనా ముట్టుకుంటే అదిరిపడి పరుగెత్తుతుంది. ఎదురుగా గోడ ఉందో బండి ఉందో చూసుకోదు.

పదకొండింటి దాకా మా మరిదీ నేనూ తిరగని సందు లేదు. పోలీసులు ఫోటో తీసుకుని చూస్తామన్నారు.

"ఇట్లా కాదు వదినా, కాగితాలు కొట్టించి గోడలకు అంటిద్దాం" అన్నాడు మరిది.

ప్రింటు షాపావిడ నేను చెబుతుంటే టైపు చేసింది. పైన 'కనబడుటలేదు' అని, నట్టనడుమ చిలక ఫోటో, కింద మూడు వరుసలు: ఈమెకు వినపడదు, వెనకనుంచి ముట్టుకోకండి, ఎదురుగా వచ్చి చెయ్యి పట్టుకోండి. ఆఖరున మరిది ఫోను నంబరు. తెర మీద అన్నీ కుదిరాయి. కాగితం మీదికి రావడం దగ్గరే వచ్చింది చిక్కు.

"రంగుల మిషన్లో నల్ల ఇంకు అయిపోయిందక్కా. మిగతా రంగులూ అడుగంటాయి, అక్షరాలకు చాలవు. రేపు పొద్దున వస్తుంది."

"రేపా! రేపటిదాకా అది బతికుండాలి కదమ్మా!"

ఆవిడ నలుపు మిషన్లో ఒకటి తీసి చూపించింది. అక్షరాలు బాగానే ఉన్నాయి. ముఖం ఉన్నచోట మాత్రం మసిగుడ్డ తుడిచినట్టుంది. ఆ ముక్కు కూడా తెలియలేదు.

మా ఆయన ఉన్నప్పుడు మేమిద్దరం బట్టల అద్దకం షెడ్డులో పనిచేశాం. ముందు ఎర్ర పువ్వులు అద్దేవాళ్లం. అవి ఆరాక, అదే బట్ట మీద పచ్చ ఆకులు అద్దేవాళ్లం. ఆ మసి ముఖాన్ని చూస్తుంటే అది గుర్తొచ్చింది.

"అమ్మా, ముఖం రంగుల మిషన్లో ఒకసారి, అక్షరాలు నలుపు మిషన్లో ఒకసారి తీస్తే? అదే కాగితం మీద."

ఆవిడ గబగబా అక్షరాలన్నీ చెరిపేసింది. పైనున్న వరుస పోగానే ఫోటో జారుకుంటూ కాగితం పైకొసకు ఎగబాకింది.

"చెరపొద్దు తల్లీ! వాటి చోటు వాటికి ఉంచాలి. లేకపోతే రెండోసారి అక్షరాలు వచ్చి దాని ముఖం మీదే కూర్చుంటాయి."

ఆవిడ అక్షరాల్ని వెనక్కి తెచ్చింది. కాసేపు గోరు కొరుక్కుని, వాటన్నిటికీ తెల్లరంగు పెట్టింది. అక్షరాలు కళ్లకు కనపడలేదు, ఫోటో మాత్రం తన చోట తాను ఉంది.

"కంప్యూటరు నేర్చుకున్నావా అక్కా?"

"అ ఆలు మొన్న నేర్చుకున్నాను. కానియ్ తల్లీ, కానియ్."

దళసరి కాగితాల మీద ముప్పై ముఖాలు వచ్చాయి. ముప్పయ్యోది పాలిపోయి వచ్చింది. రంగు ఇంకులూ అక్కడికి సరి. ఆవిడ అక్షరాల్ని మళ్లీ నలుపు చేసి, ఫోటో ఉన్నచోట ఖాళీ గడి మిగిల్చి, ముఖాలు పడ్డ ఆ కాగితాల్నే నలుపు మిషన్లో పట్టినన్ని పెట్టింది. పద్దెనిమిది పట్టాయి. నేను గడియారం చూస్తున్నాను, మరిది రోడ్డు చూస్తున్నాడు. మొదటిది బయటికి రాగానే తీసి చూడాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. మా ఆయనైతే మొదటి గజం చూడకుండా రెండో గజం అద్దనిచ్చేవాడు కాదు.

పద్దెనిమిదీ వచ్చాక చూశాం. చిలక నిటారుగా ఉంది. దాని పైనా కిందా అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి.

"అయ్యో, తిప్పి పెట్టానక్కా" అని ఆవిడ నెత్తిన చేతులు పెట్టుకుంది.

"మనిషి నిలబడింది, అక్షరాలు శీర్షాసనం వేశాయి" అన్నాడు మరిది. నవ్వలేక అన్నాడో ఏడవలేక అన్నాడో. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

మిగిలిన పన్నెండూ సరిగ్గా వచ్చాయి. పాడైనవాటిని ఆవిడ బుట్టలో వెయ్యబోతే లాక్కున్నాను.

మంచివి పన్నెండూ ఆసుపత్రి, మార్కెట్టు, బస్సులు ఆగే చోట్లలోనే అయిపోయాయి. వాటిముందు కాసేపు నిలబడి చూశాను. జనం పోతున్నారు, వస్తున్నారు. ఒక్క మనిషి కూడా ఆగలేదు.

"ఇక ఇవి అంటిద్దాం" అన్నాను.

"నవ్వుతారు వదినా."

"నవ్వనీ."

"సరే, అక్షరాలు నిటారుగా పెడదాం. నంబరు వాటిలోనే కదా ఉంది."

"వద్దు. ముఖం నిటారుగా పెట్టు."

"నంబరు చదవకుండా ముఖం చూసి ఏం చేసుకుంటారు?"

"చదువు రానప్పుడు నేను గోడల మీద ముఖాలే చూసేదాన్నయ్యా. తలకిందుల ముఖాన్ని కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అక్షరాలంటావా, ఎవరో ఒకరు చదివిపెడతారు. అట్లా చదివించుకునేగా ఇన్నేళ్లు బతికాను."

మరిది జిగురు డబ్బా తీసుకుని ముందు నడిచాడు. ఆఖరి కాగితం బస్సు డిపో గేటు పక్క స్తంభానికి అంటించాం.

అప్పటికి నాలుగున్నర. మళ్లీ వీధుల్లో పడ్డాం. చేతిసంచిలో మాత్రల డబ్బాను ఎన్నిసార్లు తడుముకున్నానో. ఐదూ ఇరవైకి ఒక అరుగు మీద కూలబడ్డాను. దాని శవం కోసం ఎవరు ఎక్కడికి పిలుస్తారో అన్న ఆలోచన వచ్చింది. వచ్చినందుకు నా చెంప నేనే కొట్టుకున్నాను. అప్పుడు మోగింది మరిది ఫోను. లాక్కుని చెవిన పెట్టుకున్నాను.

"తలకిందుల కాగితం వాళ్లేనా?" ఎవరో ఆడమనిషి.

"మేమే! మేమేనమ్మా!"

"నేను డిపోలో బస్సులు కడిగే మనిషిని. పొద్దున బయల్దేరగానే చెడిపోయి వెనక్కొచ్చిన బండి ఒకటి ఓ మూల పడుంది. ఇందాక కడగబోతే చివరి సీట్లో మనిషి. ఎన్నిసార్లు పిలిచినా ఉలకదు, పలకదు. అబ్బో, ఏం పొగరు అనుకున్నా. ఎవర్నన్నా పిలుచుకొచ్చి భుజం పట్టి లేపుదామని గేటు దగ్గరికొస్తే, అక్కడ జనం మెడలు వంకరపెట్టి చూస్తున్నారు. నేనూ చూశా. ఆ మనిషే!"

"ముట్టుకోకు తల్లీ!" అని అరిచాను.

"ముట్టుకోలేదులే. నాకు చదువు రాదు. డ్రైవరు నడుం వంచి చదివి, ముట్టుకోవద్దని రాసుందన్నాడు. ఎదురుగా వెళ్లి కూర్చున్నా. నీళ్లిచ్చా, తాగింది. త్వరగా రండమ్మా, చేతులు వణుకుతున్నాయి ఆవిడకి."

ఆరింటికి ఐదు నిమిషాలున్నాయనగా డిపోలో ఆ బస్సు దగ్గరికి చేరాం. దాని నుదుటి మీద, పొద్దున నేను ఒత్తు దగ్గర ఆగిపోయిన పేరే ఉంది. నేను చదువుతూ ఉండగా చిలక అందులో ఎక్కేసింది.

ఎదురుగా వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. మాత్ర వేశాను. మింగింది. ఎవరో స్తంభం నుంచి పీకి తెచ్చిన కాగితం దాని ఒళ్లో ఉంది. వణికే చేతులతో దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూస్తోంది. ముఖం సరిచేస్తే అక్షరాలు తిరగబడుతున్నాయి. అక్షరాలు సరిచేస్తే తానే తిరగబడుతోంది. విసుగొచ్చి నా చేతిలో పెట్టింది. నేను మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికెళ్లే బస్సు వచ్చింది. బోర్డు మరిది చదివాడు. నేను తలెత్తలేదు. నా రెండు చేతులూ దాని మణికట్టు మీదే ఉన్నాయి.