బొంతల మాస్టరు

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆయనకు రెండు పేర్లున్నాయి. గిరాకీలు మాస్టరు అంటారు, చర్చి సంఘంలో వాళ్ళు బొంతల మాస్టరు అంటారు. రెండో పేరుకే గౌరవం ఎక్కువ. చలి మొదలవకముందే అనాథ పిల్లల ఆశ్రమానికి ఆయన దుకాణం నుంచి రంగురంగుల ముక్కల బొంతలు వెళ్తాయి మరి. పాస్టరుగారు ఏటా వాటిని వేదిక మీద పరిచి చూపించి అందరిచేతా చప్పట్లు కొట్టిస్తారు.

ఆ ముక్కలన్నీ దొంగ సొత్తు.

దొంగతనమంటే మరీ గోడలు దూకలేదు లెండి. చొక్కా చేతిని గుడ్డ నిలువు పోగు వెంట పరిచి కత్తిరించాలి. అలా కాకుండా అడ్డంగా తిప్పి, వీపు ముక్క పక్కనున్న సందులో ఇరికిస్తే కాస్తోకూస్తో గుడ్డ మిగులుతుంది. మిగిలింది బల్ల కింద బుట్టలోకి పోతుంది. అలా కుట్టిన చెయ్యి ఒక్క ఉతుక్కే మెలితిరిగిపోతుంది. గిరాకీ వచ్చి అడిగితే మాస్టరు చొక్కాను వెలుతురులో పట్టుకుని చూసి, "ఇంట్లో ఏం సబ్బు వాడుతున్నారండీ?" అనేవాడు. పాపం, వాళ్ళు సబ్బు మార్చేవాళ్ళు.

పశ్చాత్తాపం లేని మనిషనుకునేరు. నెలనెలా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గర మోకాళ్ళ మీద పడి వెక్కివెక్కి ఏడ్చేవాడు. ఏడ్చి తేలికపడి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ అడ్డంగా తిప్పేవాడు. పిల్లలకేగా పోతోంది అని మనసుకు సర్దిచెప్పుకునేవాడు. ఇంత భక్తిగల దొంగతనం ఇంకెక్కడా ఉండి ఉండదు.

ఇలా ఉండగా, బాప్తిస్మం తీసుకునేవాళ్ళకు అంగీలు కుట్టమని సంఘం ఒక తాను తెల్లగుడ్డ పంపింది. మాస్టరు ఏదో ఆలోచిస్తూ నీలం సుద్దతో గీతలు గీసుకుంటూ పోయాడు. గీయడం అయ్యాక చూసుకుంటే అంగీ చేతులు అడ్డంగా ఉన్నాయి. తిప్పాలని ఆయన అనుకోనే లేదు. ఆయన్ని అడక్కుండానే ఆ పని జరిగిపోయింది.

ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయగలనని ఇన్నేళ్ళూ ధీమాగా ఉన్నాడు. తీరా చూస్తే ఆ పాపం దర్జాగా కూర్చుని ఈయన చేత వెట్టిచాకిరీ చేయించుకుంటోంది. ఈసారి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

"నా కత్తెర పట్టుకోవడానికి నువ్వెవరివి?" అని పైకే అనేశాడు.

మిషను మీద బొంత కుడుతున్న భార్య తలెత్తింది. "ఎవరితోనండీ?"

మాస్టరు బుట్టను బయటికి లాగాడు. "ఇవన్నీ గిరాకీల దగ్గర కొట్టేసిన ముక్కలు."

"తెలుసు."

"తెలిసే కుట్టావా?"

"నాదీ తప్పే. నెలనెలా ఏడుస్తున్నారుగా, ఇవాళో రేపో మానేస్తారనుకున్నా. మీకేమో ఏడ్చేస్తే సరిపోతోంది" అందామె.

మాస్టరు నీలం గీతలన్నీ దులిపేసి, చేతులు నిలువుగా పరిచి మళ్ళీ గీశాడు.

ఆ ఆదివారం పాస్టరుగారు బొంతల ఊసెత్తగానే మాస్టరు లేచి నిలబడ్డాడు. "ఇన్నాళ్ళూ ఇచ్చిన బొంతలు మీ గుడ్డల్లోంచి నేను దొంగిలించినవండి. ఎవరి చొక్కా చేతులు మెలితిరిగాయో పట్టుకురండి, నా ఖర్చుతో మార్చి ఇస్తాను. సబ్బు తప్పేం లేదు." వెనక వరుసలో ఎవరో గబుక్కున తన మోచెయ్యి చూసుకున్నారు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద గుమ్మం దగ్గర పట్టుకున్నాడు. "దేవుడితో చెప్పుకుంటే సరిపోయేది కదయ్యా. అందరిముందూ ఈ రభస దేనికి? అయినా పాత అలవాటు. నెల తిరక్కుండా మళ్ళీ మొదలెడతావు."

"దేవుడితో చెప్పుకుంటూనే ఉన్నానండి. ఆయన క్షమించడం, నేను మళ్ళీ చెయ్యడం. ఆయన మంచితనాన్ని కూడా వాడేసుకున్నాను. మళ్ళీ పడితే లేచొచ్చి మీకే చెప్తాను. ఆ పాపానికి చాకిరీ మాత్రం ఇక చెయ్యను. పిల్లల బొంతలంటారా, గుడ్డ కొని కుడతాను."

మర్నాడు కత్తిరింపు బల్లను వెనక గదిలోంచి ఈడ్చుకొచ్చి వీధి గుమ్మంలో వేశాడు. దాని ముందు ఒక కుర్చీ వేశాడు. దారినపోయేవాళ్ళు దొంగ మాస్టరు అని మూడో పేరు పెట్టారు. గిరాకీలు సగానికి సగం పక్క వీధికి మళ్ళారు.

కొన్నాళ్ళకు సంఘపెద్దే కోటు గుడ్డతో వచ్చాడు. ఆయనకు ఒక భుజం దిగువగా ఉంటుంది. ఇంకెవరు కుట్టినా కోటు కుదిరి చావదు. గుడ్డ బల్ల మీద పెట్టి, "అయిందేదో అయింది. నేను నిన్ను నమ్ముతున్నాను. కుట్టాక కబురు పెట్టు" అన్నాడు పెద్దమనసుతో.

"నమ్మకండి. కూర్చోండి."

"ఏమిటీ?"

"కత్తిరించడం అయ్యేదాకా కూర్చుని చూడండి. కూర్చోనంటే గుడ్డ తీసుకెళ్ళండి."

"దొరికిపోయిన దొంగకు ఇంత పొగరేమిటయ్యా?" అంటూనే ఆయన కూర్చున్నాడు.

మాస్టరు గుడ్డ పరిచి, కోటు చేతి కొలతకు కత్తిరించి ఉంచిన అట్టను దాని మీద పెట్టాడు. వేళ్ళు వాటంతటవే అట్టను అడ్డానికి తిప్పబోయాయి. మాస్టరు చటుక్కున ఆగాడు. తలెత్తి పెద్దాయన కళ్ళలోకి చూశాడు.

"ఇప్పుడే మళ్ళీ అడిగిందండి."

"ఏది?"

"అదే. పొమ్మన్నాను" అని, అట్టను నిలువుగా సర్ది, గీత గీసి కత్తెర అందుకున్నాడు.