అన్నం కుక్కర్ పక్క చోటు

దియెప్‌కి అన్నిటికన్నా పెద్ద భయం, పెద్దయ్యాక కూతురు బోంగ్ కూడా అన్నం కుక్కర్ పక్కనే కూర్చుంటుందేమోనని.

జ్వరమన్నా భయమే, చెరువు గట్టున ఆడుతోందన్నా భయమే. అవి ఏ తల్లికైనా ఉండేవి. ఇది వేరు. ఆ ఇంట్లో చాప మీద పెద్ద పళ్లెం చుట్టూ అందరూ కూర్చుంటే, కుక్కర్ పక్క చోటు కోడలిది. పెళ్లైన మొదటి పూటే అత్తగారు వేలితో చూపించింది. గిన్నె ఖాళీ అయినవాళ్లు ఇటు చూడకుండానే చెయ్యి చాస్తారు. తను నింపివ్వాలి. మొన్న బోంగ్ పీట జరుపుకుని వచ్చి గరిటె పట్టుకుంటే, "బంగారుతల్లి, అప్పుడే నేర్చేసుకుంటోంది" అని అత్తగారు మురిసిపోయింది. 

ఆ సాయంత్రం బట్టల ఫ్యాక్టరీ నుంచి వచ్చీ రాగానే టమాటా గుడ్డు చారు పెట్టింది. చిన్న ఉల్లిపాయలు వేగాక టమాటా ముక్కలు వేసి, ఉప్పు చల్లి, నూనె ఎర్రగా తేలేదాకా మగ్గించింది. తొమ్మిదో తరగతిలో బడి మానిపించినప్పుడు అమ్మ అంది, అక్షరాలు కూడు పెట్టవు, వంట నేర్చుకోమని. నేర్చుకుంది. మరి ఆ కూడు వేడిగా తిన్నదెప్పుడు? నీళ్లు మరిగాక గిలక్కొట్టిన గుడ్డు సన్నటి ధారగా పోసింది. పోశాక కాసేపు గరిటె పెట్టకూడదు, పెడితే చెదిరి చారంతా మడ్డిగా అవుతుంది. సరిగ్గా అప్పుడే చల్లటి నీళ్లు కావాలని భర్త ఖాయ్ కేకేశాడు. ఫ్రిజ్ అతని వెనకే ఉంది. వెళ్లి ఇచ్చి వచ్చేసరికి గుడ్డు పూరేకుల్లా విచ్చుకుంది. ఆ రేకులు మామగారికి, తర్వాత ఖాయ్‌కి, అత్తగారికి, పిల్లకి. గరిటె తన గిన్నె దాకా వచ్చేసరికి ఎర్రనీళ్లు మిగులుతాయి.

ముద్ద ఎత్తేముందు చిన్నవాళ్లు పెద్దలందరినీ తినమని పిలవాలి. బోంగ్ చేతులు కట్టుకుని మొదలుపెట్టింది.

"తాతయ్యా, తినండి. నానమ్మా, తినండి. నాన్నా, తినండి." చెంచా అందుకుంది.

"మరి అమ్మని?" అన్నాడు మామగారు.

"అమ్మ తినదుగా, పెడుతుంది."

ఖాయ్ పకపకా నవ్వాడు. "మీ అమ్మ పొయ్యి దగ్గరే సగం లాగించేసుంటుందిలే."

దియెప్ కుక్కర్ ఎత్తి ఖాయ్ మోకాలి దగ్గర పెట్టింది. తన గిన్నె తీసుకుని అటువైపు వెళ్లి, బోంగ్ పక్కన కూర్చుంది. ఎవరికీ పొయ్యకముందే రెండు గరిటెల చారు, గుడ్డు రేకులతో సహా, తన గిన్నెలో పోసుకుంది.

"మగాడి చేత వడ్డన చేయిస్తావా?" అత్తగారి గొంతు తగ్గింది. "పక్కింటివాళ్లు వింటే నవ్విపోతారు."

"నవ్వనివ్వండి అత్తయ్యా. నాకు ఆకలేస్తోంది."

కాసేపటికి మామగారు అలవాటుగా ఖాళీ గిన్నె కోడలి పాత చోటు వైపు చాచాడు. అక్కడ ఎవరూ లేరు. ఖాయ్ కుక్కర్ మూత తీసి, గరిటె కోసం వెతుక్కున్నాడు.

బోంగ్ తల్లి గిన్నెలోకి తొంగి చూసింది. చెంచా కింద పెట్టి మళ్లీ చేతులు కట్టుకుంది.

"అమ్మా, తినండి."

ఇది చదివాక, ఈ పూట మీ ఇంట్లో గరిటె ఎవరి చేతిలో ఉందో చూడండి. తిన్నావా అని అడగండి. తిన్నాలే అంటుంది. నమ్మకండి, ఆమె కంచం చూడండి.