పదిహేడో గొయ్యి

జోగయ్య జల్లెడను మోకాలికి ఆనించి మట్టి జాడిస్తున్నాడు. అరవై ఏళ్ళ మనిషి. నడుములోతు గొయ్యి తవ్వడం, అడుగుమట్టి జల్లించడం, గుడ్డసంచిలో కట్టి నంబరు వేయడం బంగారం జాడ వెతికే సర్వే క్యాంపులో ఏడాదిగా అతని పని. ఇవాళ తలెత్తి ఎవరి మొహమూ చూడటం లేదు. పదిహేడో సంచి మట్టిలో దానమ్మ ముక్కుపుడకను ఆకురాయితో అరగదీసి కలిపేశాడు మరి!

దానమ్మ అతని పెళ్ళాం. రెండు కిడ్నీలూ పోయాయి. మట్టిసంచులు పట్నం చేర్చే క్యాంపు జీపే వారానికి మూడుసార్లు ఆమెను డయాలసిస్‌కి దింపుతోంది. ఆ కొండదారికి బస్సు లేదు, ఆటోవాడు రాడు. నిన్న జియాలజిస్టు కుసుమకుమారి ఫోనులో, "ఈ కొండలో ఏమీ లేదు సార్" అనడం జోగయ్య విన్నాడు. జీపు పోతే దానమ్మ పోతుంది. ముసలాడి బుర్ర అంతకు మించి పనిచేయలేదు, పాపం.

కుసుమకుమారిది అరసవల్లి. ఆమె పదిహేడో సంచి మట్టిని పళ్ళెంలో కడిగి, అడుగున మెరిసిన రవ్వలను భూతద్దంతో చూసింది. పై ఆఫీసరు రమేష్‌బాబు పక్కనే ఉన్నాడు. అద్దం అందుకుని ఆయనా చూశాడు.

"ఇవి ఆకురాయి గీతలు. ఎవరు కలిపారు?" అని అడిగాడు.

జోగయ్య దాచలేదు. "నానే బాబూ. బంగారం కనబడితే ఉండిపోతారనుకున్నాను. జీపెల్లిపోతే మా ఆడదాన్నెలా బతికించుకుంటాను?"

కుసుమకుమారికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఎంత పని సేసినావు మావా! భూమి లోపల్నుంచి వేడినీళ్ళు రాతిపగుళ్ళంట పైకొచ్చి, సల్లారిన సోట బంగారం దిగుతాది. ఈ కొండకి ఆ పైపొరలు ఎప్పుడో కొట్టుకుపోయినాయి. అవతలి కొండకి మిగిలున్నాయేమో సూద్దామని నిన్న ఫోనులోనే అన్నాను. జీపు ఇదే దారంట తిరిగేది కదా!"

"కల్తీ జరిగాక ఇక్కడి సంచి ఒక్కటీ నమ్మలేం. ఇక అవతలి కొండ మాట లేదు. సర్దేయండి," అన్నాడు రమేష్‌బాబు.

"ఆవిడకోసం జీపొక్కటి ఉంచండి సార్," అంది కుసుమకుమారి.

ఆయన కూలీలను కేకేసి, సంచులు జీపుకెత్తమన్నాడు.

మధ్యాహ్నానికి టార్పాలిన్లు విప్పేశారు. నాలుగింటికి జీపు కొండ దిగిపోయింది. దుమ్ము అణిగేదాకా జోగయ్య దారిలోనే నిలబడ్డాడు. ఇంటికి వచ్చేసరికి దానమ్మ వాచిన కాళ్ళతో గోడ పట్టుకుని గుమ్మంలో ఉంది.

"రేపు మంగళవారం గదా. జీపు ఎన్నింటికొస్తాదేటి?"

జోగయ్య అరుగు వైపు చూశాడు. జీపు వెనకసీటులో ఆమె నడుముకి ఆనించుకునే పాతచీరల దిండును డ్రైవరు దులిపి, అరుగు మీద పెట్టి వెళ్ళాడు.