తుడిచేసిన అట్టలు

బాల్కనీలో దండేనికి కట్టిన అట్టను విప్పి వెలుతురులో చూడగానే సుబ్బరత్నం దాన్ని మొహానికి దూరంగా జరిపింది. వారం కిందట తనే ఒక పాత శుభలేఖను కత్తిరించి, తెల్లగా ఉన్న వెనకవైపు వాజలీను పూసి అక్కడ కట్టింది. ఇప్పుడు దాని మీద బూడిదరంగు జిగురు, ఆ జిగురులో నల్లటి నలకలు, ఒక దోమ కాలు, ఎవరిదో వెంట్రుక. సత్యనారాయణపురంలో మూడో అంతస్తు, రోజూ రెండు పూటలా తడిగుడ్డ పెట్టే ఇల్లు. ఈ గాలినా ఇన్నాళ్ళూ పీలుస్తున్నది అనుకుంటే ఒళ్ళు జలదరించింది. లోపల వాష్‌బేసిన్ దగ్గర భర్త సూర్యప్రకాష్ గొంతులోంచి పొద్దుటి కఫాన్ని తోడుతున్నాడు. పెళ్ళయిన మర్నాటి నుంచీ వింటున్న చప్పుడే. కరెంటాఫీసులో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పొద్దున్న ఒక్కసారే చేసేవాడు, రిటైరయ్యాక తీరిక దొరికి సాయంత్రం కూడా మొదలుపెట్టాడు.

అట్టను వంటింట్లోకి తీసుకెళ్ళి, గట్టు తుడిచే గుడ్డతో ఒక్క తుడుపు తుడిచింది. పిల్లలకు చూపించాల్సిన వస్తువు, మరీ ఇంత రోతగా ఉంటే టీచరిల్లు ఇలాగా అనుకోరూ. పైన కాస్త వాజలీను మళ్ళీ రాసి, కవర్లో పెట్టుకుని, బస్సుకు బయల్దేరింది.

రోత పడటంలో సుబ్బరత్నాన్ని మించినవాళ్ళు ఆ మండలం మొత్తంలో లేరు. బస్సులో కడ్డీని చేతిరుమాలు చుట్టి పట్టుకుంటుంది. బడిలో కుర్చీని తుడవకుండా కూర్చోదు, తను తెచ్చుకున్న గ్లాసులో తప్ప నీళ్ళు తాగదు. పిల్లల నోటుపుస్తకాలను చూపుడువేలు కొసతో తిప్పుతుంది. మూడో తరగతిలో కూలీల పేట పిల్లల్ని కిటికీ వైపు వెనక వరసలో కూర్చోబెడుతుంది, గాలి తగులుతుందని పైకి చెబుతుంది. కొట్టదు, తిట్టదు. చేతులు చూపించమంటుంది, చూసి మొహం అటు తిప్పుకుంటుంది. బెత్తం దెబ్బ సాయంత్రానికి మర్చిపోతారు పిల్లలు, ఆ తిప్పుకోవడం మాత్రం ఇంటికి మోసుకెళతారు. వేళకు వస్తుంది, వేళకు వెళుతుంది. ఇంత సర్వీసులో ఆమెకు ఉత్తమ ఉపాధ్యాయురాలి శాలువా రాలేదు, సంజాయిషీ అడుగుతూ మెమో కూడా రాలేదు. వచ్చే ఏడు రిటైరవుతుంది.

బడి కంకిపాడు దాటి లోపలికి వెళ్ళే రోడ్డులో ఉంది. దాని ప్రహరీకి ఆనుకుని ఉప్పుడు బియ్యం మిల్లు. నానబెట్టిన వడ్ల నీళ్ళు కుళ్ళిన వాసన, అందులోకి ఉడుకు ఆవిరి, ఆ పైన బాయిలర్లో ఊక కాల్చిన పొగ. మిల్లు గొట్టంలోంచి మసి సన్నగా, తీరిగ్గా, పగలంతా రాలుతూనే ఉంటుంది. ఆయా అమలమ్మ ప్రార్థనకు ముందు వరండా ఊడిస్తే, ప్రార్థన అయ్యేసరికి పిల్లల పాదాల ముద్రలు పడేంత మసి మళ్ళీ పరుచుకుంటుంది. మధ్యాహ్నం ఉడికిన గుడ్డు వలిస్తే తెల్లసొన మీద వేలిముద్రలు నల్లగా అచ్చు పడతాయి. పిల్లలు వాటిని చూసి నవ్వుకుంటారు, గుడ్డు తినేస్తారు. అది చూసినప్పుడల్లా సుబ్బరత్నానికి తన క్యారేజీలో అన్నం సహించదు.

ఆ వాసనలోనే, ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ఆమె ఏటా గాలి పాఠం చెప్పింది. గాలికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పిల్లలు ముక్కులు ఎగబీలుస్తూ అదే మాట గొంతెత్తి అప్పజెప్పేవాళ్ళు. పరీక్షలో అలాగే రాసేవాళ్ళు, ఆమె మార్కులు వేసేది. ఇంత సిగ్గుమాలిన పాఠం ఇంకొకటి ఉంటుందా అని ఆమెకు ఎన్నడూ తోచలేదు, తోచినా సిలబస్సు మార్చే అధికారం ఆమెకు లేదు.

ఈ ఏడు టీచర్ల క్లస్టర్ మీటింగులో గాలి పాఠాన్ని చేతులతో చేయించాలన్నారు. తెల్ల అట్టకు వాజలీను పూసి ఇంటి చూరుకు కట్టించండి, వారం తర్వాత ఏం అంటుకుందో పిల్లలనే చూడనివ్వండి అని చెప్పారు. ఇదో తద్దినం అనుకుంటూనే మొదలుపెట్టింది. కానీ ఇంట్లో పడున్న శుభలేఖలన్నీ కత్తిరించి పంచిన రోజు, పిల్లలు వాజలీను వేళ్ళ నిండా పూసుకుని గోల గోల చేస్తుంటే, వెనక వరసలోంచి చిన్ని లేచి, గాలిని పట్టుకుంటే దానికి నొప్పి పుట్టదా అని అడిగింది. అడుగుతున్నంత సేపూ ఆ పిల్ల రొమ్ములో పిల్లికూతలు. డిక్టేషను చెప్పేటప్పుడు గది సద్దుమణిగితే ఆ కూతలే వినిపిస్తాయి. చలికాలం వస్తే వారంలో సగం రోజులు బడికి రాదు. మసి పడకపోతే తగ్గుతుందని పీహెచ్‌సీ డాక్టరు చెప్పాడట, మిల్లు పక్కన ఉంటూ మసి పడకుండా ఎలాగో ఆయన చెప్పలేదు.

మసిని పట్టే యంత్రం మిల్లులో ఉంది. లైసెన్సు కోసం కొన్నారు. కరెంటు తింటుందని, తనిఖీకి ఎవరైనా వస్తున్నారని తెలిసినప్పుడే ఆన్ చేస్తారు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు, అడిగినవాడు లేడు. ఈ రోజు తల్లిదండ్రుల సమావేశం. మిల్లు యజమాని బసవపున్నయ్య బడికి మంచినీళ్ళ మిషను బహూకరించడానికి వస్తున్నాడు. నల్లబడ్డ అట్టలన్నీ వరండా గోడకు వరసగా తగిలిస్తే, ఆయన ఎదుటే తల్లులు చూస్తే, ఎవరో ఒకరు ఆ యంత్రం మాట ఎత్తకపోతారా అన్నది సుబ్బరత్నం ఆశ. ఎత్తితే చిన్ని ఈ చలికాలం బడికి వస్తుంది. ఉద్యోగంలో చేరాక ఆమె ఒక ఫలితం కోసం ఎదురుచూడటం ఇదే మొదలు. హెడ్మాస్టరు వెంకటప్పయ్యకు ఇదంతా చెప్పలేదు. విద్యాశాఖ యాప్‌లో పెట్టడానికి ఫొటో బాగుంటుందని ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

పిల్లలు అట్టలు తీసి బల్ల మీద పెట్టారు. అన్నీ తెల్లగా ఉన్నాయి.

సుబ్బరత్నం ఒక్కొక్కటీ తిప్పి చూసింది. బాబీ అట్టను సబ్బు పెట్టి కడిగినట్టున్నారు, నాని ఉబ్బి అప్పడంలా తయారైంది. ఒకదానికి స్కెచ్ పెన్నుతో చుట్టూ ముగ్గు కూడా వేశారు. చిన్ని అట్ట అన్నింటికన్నా తెల్లగా ఉంది, మీద వాజలీను కొత్తగా మెరుస్తోంది. ఎవరు తుడిచారని అడిగితే అమ్మ, మా అమ్మ, మా నాయనమ్మ అని పిల్లలు గర్వంగా చెప్పారు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చెప్పింది ఒకటీ చేసింది ఒకటీ, వీళ్ళకి ఎంత చెప్పినా ఇంతే అనుకుంటూ వరండాలోకి వచ్చింది.

చిన్ని తల్లి హన్నా అప్పటికే వచ్చి స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆమె మొగుడు శౌరయ్య మిల్లులో బాయిలర్లోకి ఊక ఎత్తుతాడు.

"అట్ట ఎందుకు తుడిచావు హన్నా? తుడవొద్దని పిల్లతో చెప్పి పంపించానా లేదా?"

హన్నా నేల చూస్తూనే అంది. "చీకటి పడేసరికే నల్లబడిపోయేదండి. రోజూ తుడిచానండి. మా ఇల్లు ఇంత మురికి అని గోడకి తగిలిస్తే పదిమంది చూడరా అండి? అసలే మీరు చిన్ని చేతులు చూసి మొకం తిప్పుకుంటారంట. ఇంటికొచ్చి రాయి పెట్టి రుద్దుకుంటది."

సుబ్బరత్నానికి సంచిలోని కవరు, అందులో గట్టు గుడ్డతో తుడిచిన తన అట్ట గుర్తొచ్చాయి. పొద్దున్న వంటింట్లో తనకు వేసిన సిగ్గే ఈమెకీ వేసింది. తనకు ఒక్క పూట, ఈమెకు ఏడాది పొడుగునా. ఇంతకాలం ఎదుటివాళ్ళను చూసి పడిన రోత ఒక్కసారిగా తన మీదికే తిరిగింది, అది మింగుడు పడలేదు.

బసవపున్నయ్య తెల్ల చొక్కాతో వచ్చాడు. మిల్లు నుంచి బడికి పదడుగుల దూరం, కారులోనే వచ్చాడు, అద్దాలు దించలేదు. శాలువా కప్పారు, మిషను మీద రిబ్బను కత్తిరించారు. వెంకటప్పయ్య ఫొటోల కోసం తెల్ల అట్టలనే గోడకు తగిలించేశాడు. బసవపున్నయ్య వాటిని ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసుకుంటూ నడిచాడు, మొహం వికసించింది. చెడ్డమనిషేం కాదు, అడిగినవాడికి లేదనడు. గొట్టం కింద బతికేవాళ్ళకు పెళ్ళిళ్ళకూ చావులకూ ఇస్తాడు, ఊపిరికి మాత్రం ఇవ్వడు.

"మా మిల్లు మీద నానా మాటలూ అంటారు," అన్నాడు మైకులో. "ఇదిగోండి, మన పిల్లలే సైన్సు చేసి చూపించారు. ఇంత తెల్లగా ఉన్నాయి. ఇంక ఎవరైనా మాట్లాడగలరా?"

చప్పట్లు కొట్టారు. తల్లులే ముందు కొట్టారు, వాళ్ళ ఇళ్ళు శుభ్రంగా ఉన్నాయని పెద్దమనిషి మైకులో చెప్పాడు కదా.

సుబ్బరత్నం లేచి నిలబడింది. ఎప్పుడూ లేవని మనిషి లేచేసరికి వెంకటప్పయ్య వందన సమర్పణ అనుకుని మైకు ఇచ్చాడు. అవి తుడిచిన అట్టలండీ అంది. నాది కూడా తుడిచే తెచ్చాను, ఇంత రోత ఎవరికి చూపిస్తాం అనిపించింది అంది. ఆ తర్వాత చెప్పాలనుకున్న యంత్రం మాట నోట్లోంచి రాలేదు. మైకు బల్ల మీద పెట్టేసింది. నడుముకు దోపుకున్న చేతిరుమాలు తీసి, విప్పి, అంతమంది ఎదుట గట్టిగా ముక్కు చీదింది.

చీది, రుమాలు రెండు చేతులా పరిచి పట్టుకుంది. తెల్ల గుడ్డ మీద నల్లటి చీమిడి, ఊక బాయిలర్ అడుగున గోకితే వచ్చే మసిలాంటిది. ముందు వరసలో ఒకావిడ చీ అని మొహం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం తనకు తగిలితే ఎలా ఉంటుందో సుబ్బరత్నానికి అప్పుడు తెలిసింది.

"టీచరుగారికి జలుబు చేసినట్టుంది," అన్నాడు బసవపున్నయ్య. జనం నవ్వారు.

నవ్వు ఆగకముందే చిన్ని వెనక నుంచి వచ్చింది. గోడ మీది తన అట్టను పీకి, ముక్కు కింద పెట్టుకుని చీదింది. అట్టను చూసుకుని, పాఠంలో చెప్పినట్టే పైకెత్తి అందరికీ చూపించింది. తర్వాత బాబీ. ఆ తర్వాత ఆపే దిక్కు లేకపోయింది. పిల్లలందరూ గోడ మీద పడి అట్టలు లాక్కుని, పోటీలు పడి చీదారు. నాది చూడు నాది చూడు అంటూ పెద్దమనిషి చొక్కా దగ్గరికి తీసుకెళ్ళారు. తల్లులు పిల్లల చెవులు మెలిపెట్టి లాగుతున్నారు, బసవపున్నయ్య కుర్చీ వెనక్కి జరుగుతున్నాడు, వెంకటప్పయ్య ఫోను జేబులో దాచుకుంటున్నాడు. చూడటానికి అంతకన్నా అసహ్యమైన సమావేశం ఆ జిల్లాలో ఎక్కడా జరిగి ఉండదు. సుబ్బరత్నం మాత్రం ఒక్కో అట్టనూ కళ్ళు తిప్పకుండా చూసింది.

కారు వెళ్ళిపోయింది. ఒక్క తల్లి కూడా యంత్రం మాట ఎత్తలేదు. ఎత్తితే మర్నాడు మిల్లులో పని ఎవరికి ఉంటుంది. పరువు తీశారు మేడమ్ గారూ, ఇంత చదువుకుని ఇదేం పనండీ అని వెంకటప్పయ్య చాలాసేపు బాధపడ్డాడు. ఆమె సరేనండీ అంది. రుమాలును అమలమ్మ ఊడ్చిన చెత్తలో వేసేసింది. గొట్టంలోంచి మసి ఎప్పటిలాగే రాలుతోంది, మిషను మీది రిబ్బను ముక్క అప్పటికే నల్లబడింది.

సాయంత్రం బస్సులో ఆడవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. సుబ్బరత్నానికి కిటికీ పక్కన చోటు దొరికింది. పేట దగ్గర హన్నా చిన్నిని చంకనేసుకుని, ఒక గుడ్డసంచీతో ఎక్కింది. సుబ్బరత్నం జరిగి చోటిచ్చింది. జరగడం ఆమెకు అలవాటు లేని పని, ఇద్దరూ ఇబ్బందిగానే సర్దుకున్నారు.

పిల్లను మైలవరంలో మా అమ్మ దగ్గర దించడానికి వెళుతున్నానంది హన్నా. అక్కడ మామిడితోటలు, మిల్లు లేదు, పిల్ల అక్కడి బడిలోనే చదువుకుంటుంది. శౌరయ్యకు ఇక్కడ పని వదిలితే కుదరదు కాబట్టి తను రేపు వచ్చేస్తుంది. టీసీ తర్వాత ఇప్పించమంది. సుబ్బరత్నం ఇప్పిస్తానంది. పిల్ల బడికి రావాలని చేసిందంతా పిల్ల బడి మానడంతో తేలింది.

"తుడిస్తే పోద్దనుకున్నానండి," అంది హన్నా కొంతసేపటికి. "దాని లోపల కూడా ఉందని ఇయ్యాలే చూశాను."

కంకిపాడు దాటేసరికి చిన్ని నిద్రపోయి సుబ్బరత్నం భుజం మీదికి ఒరిగింది. చెవి పక్కనే పిల్లికూతలు. నోట్లోంచి జొల్లు కారి ఆమె మంగళగిరి చీర మీద తడి పరుచుకుంటోంది. చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి వెళ్ళింది, అక్కడ రుమాలు లేదు. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, బెంజి సర్కిల్లో బస్సు ఆగిపోతే కదలకుండా కూర్చుంది.

బస్టాండులో మైలవరం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. హన్నా నిద్రలో ఉన్న పిల్లను ఎత్తుకుని, సంచీ పట్టుకుని, వెనక్కి చూడకుండా పరిగెత్తింది. వెళ్ళొస్తామండి అన్నట్టు వినిపించింది, జనంలో సరిగా తెలియలేదు.

సుబ్బరత్నం దిగబోతూ సీటు వైపు చూసింది. సంచీలోంచి జారినట్టుంది, నీలం మూత ఊడిన చిన్న విక్స్ డబ్బా, అట్టడుగు దాకా వేలితో గీకి గీకి, ఇంకేం మిగలక లోపలంతా తెల్లగా ఉంది.