పెళ్ళికి ముందే పోస్టుమార్టం

మా పెళ్ళిని క్లాసు ప్రాజెక్టుగా పెట్టుకుందామన్న ఆలోచన నాది కాదు, నాతో చదివే మిత్సిలాది. పనామా సిటీలో ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ మాస్టర్స్ చదివేవాళ్ళు చాలామంది లేని వంతెనలు, లేని గోదాములు ఊహించుకుని రాసి పడేస్తారు. మా బెలిసారియో సారు దగ్గర ఆ పప్పులుడకవు. నిజంగా జరగబోయేదే కావాలంటాడు. మా నలుగురి జట్టు దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది. జనవరిలో, మా ఊరు పెనోనొమేలో, నాకూ మా జట్టులోనే ఉన్న ఎలియేసెర్‌కూ పెళ్ళి.

ఎలియేసెర్ని అడిగితే "మీ ఇష్టం" అన్నాడు. అతను దేనికైనా అంతే అంటాడు. మా నాన్నకు బతికున్నన్నాళ్ళూ ఉప్పు దగ్గర్నుంచీ ప్రతిదానికీ పేచీయే, అందుకని "మీ ఇష్టం" అనే మగాడు దొరకడం నా అదృష్టమనుకునేదాన్ని. చర్చి, బాజా, నా పొయెరా గౌను కుట్టే ఆవిడ, సాంకోచో పులుసుకి కోళ్ళు, అన్నీ వరసగా పేర్చాను. ఏ పని ఆలస్యమైతే పెళ్ళే ఆలస్యమవుతుందో ఆ పనులన్నిటినీ ఎర్రగీతతో కలిపాను. ఆ గీత మీద పెళ్ళికొడుకు లేడు. పెళ్ళికొడుకు దగ్గర పని ఆగిపోతుందని ఎవరనుకుంటారు?

అక్టోబరులో ఒక శనివారం పొద్దున, బయట వాన దంచికొడుతుంటే, సారు వచ్చీ రాగానే "ఇవాళ పోస్టుమార్టం" అన్నాడు.

"ఎవరు పోయారు సార్?" అంది మిత్సిలా.

"మీ ప్రాజెక్టే. పెళ్ళి మర్నాడు అనుకోండి. పెళ్ళి చెడిపోయింది. ఎందుకు చెడిందో ఒక్కొక్కరూ చెప్పాలి. పోయాక కోసి చూస్తే లాభమేముంది, పోకముందే చూసుకోవాలి. ఒకటే షరతు. ఎవరేం చెప్పినా మధ్యలో అడ్డం రాకూడదు. దాలిస్, నువ్వు బోర్డు మీద రాయి. చేతికి పని ఉంటే నీ నోరు కాస్త ఊరుకుంటుంది."

నా నోటి సంగతి క్లాసంతటికీ తెలుసు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి మార్కరు తీసుకున్నాను.

"అకార్డియన్ వాయించేవాడు మధ్యాహ్నానికే తాగి పడిపోయాడు," అంది మిత్సిలా. రాశాను.

మా జట్టులో నాలుగోవాడు దిమాస్. "పెళ్ళికూతురు చర్చి ఫాదరుగారికి కూడా టైంటేబుల్ ఇచ్చింది. ఆయన అలిగి వెళ్ళిపోయాడు," అన్నాడు. తర్వాత నీ పని చెప్తానన్నట్టు చూసి, అదీ రాశాను.

ఎలియేసెర్ వంతు వచ్చింది.

"పెళ్ళికొడుకు చర్చికి రాలేదు."

"ఒరేయ్, అప్పుడే పారిపోతున్నావా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు. క్లాసు గొల్లుమంది. నేను నవ్వుతూనే రాశాను.

సారు తల అడ్డంగా ఊపాడు. "అది జరిగిన సంగతి. నాకు కావలసింది కారణం. ఎందుకు రాలేదు?" అలా అడుగుతూ పోవడం ఆయన పాఠంలో భాగమే. అసలు సంగతి బయటపడేదాకా వదలడు.

"రావాలని లేక."

"ఎందుకు లేదు?"

"మొదటినుంచీ లేదు సార్."

నవ్వులు ఆగిపోయాయి. నా చెయ్యి మాత్రం ఆగలేదు, ఆ మాట కూడా రాసింది.

"మరి చేసుకుంటానని ఎందుకన్నాడు?" సారుకు ఇంకా అర్థం కాలేదో, అలవాటుకొద్దీ నోరు జారిందో.

"ఆ రోజు వేరే మాట చెబుదామని వచ్చాడు. చెప్పలేకపోయాడు."

సారు ముఖం పాలిపోయింది. "చాలు. కాఫీకి వెళ్దాం," అన్నాడు. ఒక్కరూ లేవలేదు.

"ఏ రోజు?" అన్నాను, బోర్డు వైపే చూస్తూ.

"మీ నాన్న పోయాక తొమ్మిదో రాత్రి ప్రార్థన అయిన రోజు. కుర్చీలు సర్దుతున్నప్పుడు."

ఆ రాత్రి నాకు కంఠతా వచ్చు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. ఎలియేసెర్ చేతిలో కుర్చీ కింద పెట్టి, "పెళ్ళి చేసుకుందామా?" అన్నాడు. నాన్న పోయిన ఇంట్లో నేను మళ్ళీ అన్నం తిన్నానంటే ఆ మాట వల్లే.

"విడిపోదామని చెప్పడానికి వచ్చాను," అన్నాడు నా వెనక నుంచి. "నాకింకెవరున్నారని నువ్వు నా మీద పడి ఏడ్చావు. నా నోట్లోంచి అది వచ్చేసింది."

"రెండేళ్ళు, ఎలియేసెర్."

"ఎన్నిసార్లు నోరు తెరిచానో. తెరిచినప్పుడల్లా ఇంకో పని నా చేతిలో పెట్టేదానివి. ఇవాళ ఎవరూ అడ్డం రాకూడదన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషన్నవాడికి నోరు పెగలడానికి ఇంతమంది కావాలా? మార్కరు మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఏ కారణం సంగతి ఎవరు చూసుకోవాలో పక్కన పేరు రాయడం సారు పద్ధతి. అకార్డియన్ పక్కన మిత్సిలా పేరు రాశాను, ఫాదరు పక్కన దిమాస్ పేరు రాశాను. చివరిది మిగిలింది.

"నా పేరు రాయి. అందరికీ నేనే చెబుతాను," అన్నాడు.

"నువ్వా? నువ్వు చెప్పేసరికి మనకు మనవలు పుడతారు."

మిత్సిలా నవ్వబోయి ఏడ్చేసింది. నా పేరే రాసుకుని బయటికి వచ్చాను.

వరండాలో నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. "సమయానికి చేశావే," అంది. "కుట్టే ఆవిడ ఇక్కడే ఉంది. నడుము దగ్గర బిగించమంటావా, వదులుగా ఉంచమంటావా?"

"ఆవిణ్ణి పంపించెయ్యమ్మా. పెళ్ళి లేదు. ఎలియేసెర్‌కి నేనంటే ప్రేమ లేదట."

అమ్మ ఇంతెత్తున లేస్తుందనుకున్నాను. వాడినీ వాడి వంశాన్నీ దులిపేస్తుందనుకున్నాను. ఆ తిట్లు వినాలని ప్రాణం కొట్టుకుంది. అమ్మ తిట్టలేదు. అవతల తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"చెప్పేశాడా?" అంది మెల్లగా.

"నీకు తెలుసా?"

"ఆ రాత్రి నీ దగ్గరికి రాకముందు వంటింట్లోకి వచ్చి నాతోనే అన్నాడు తల్లీ, విడిపోదామని చెప్పడానికి వచ్చానని. నేనే బతిమాలాను. ఇవాళ వద్దు నాయనా, పిల్ల తట్టుకోలేదు, ఏదో ఒక మంచి మాట చెప్పి వెళ్ళు అన్నాను. ఆ మాట అంటాడని నేననుకోలేదు."

"అన్నాకైనా నాకు చెప్పొచ్చుగా."

"నువ్వు నవ్వావే," అంది అమ్మ. "నాన్న పోయాక మొదటిసారి నవ్వావు. ఇంక నాకు నోరు రాలేదు."

అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అవతల అమ్మ ఏడుస్తోంది, ఇవతల నేను ఏడుస్తున్నాను. ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టెయ్యలేదు.