ఎలుగుబంటి కాన్పు

ఎలుగుబంటిని డోలీలో మోసిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. కొయ్యూరు కొండల్లో ఎవరినైనా అడగండి. నవ్వుతారు, కాదని మాత్రం అనరు.

ఆ మధ్యాహ్నం మోకాలికి కట్టు కట్టించుకుని ఆసుపత్రి అరుగు మీద కూర్చున్నాను. నర్సు నిర్మల కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ గేటుకీ మధ్య తిరుగుతోంది. భుజాన బట్టల సంచి, చూపు జీపు వచ్చే మలుపు మీద. కిందటి వారం ఆమె చేతుల్లోనే ఒక పసిగుడ్డు పోయింది. పక్క గదిలో పెద్ద నర్సు మగ్దలేనమ్మ ఉన్నా పిలవలేదట, పని రాదనుకుంటారని. అప్పట్నుంచీ చేతుల్లో వణుకు. ఉద్యోగం మానేసి వెళ్లిపోతానంటోంది.

"ఏటే గుంటా, నువ్వు సూత్తే బండి బేగి వచ్చేత్తాదేటి? కూకో, ఎలుగ్గొడ్డు కత సెప్తాను. దానికి నొప్పులొచ్చినాయి. డోలీ కట్టి కొండ దించినాను. 'కుదపకురా గాసిగా' అని దారంతా తిట్టింది."

"ఒక్కడివే మోసినావా తాతా?" విసుక్కుంది.

"అదొక్కటే అబద్దం. ఒక్కడు మోత్తే డోలీ అవదు, మూటవుద్ది."

నవ్వలేదు. అంతలో ఎదుటి వాలులోంచి కేక: "బుజం!"

నిజం డోలీయే, నొప్పులు పడుతున్న మనిషితో. మోతలో అలిసినవాడు అలా కేకేస్తే, పక్కన నడిచేవాడు కర్ర కింద భుజం దూరుస్తాడు. డోలీ నేల తాకదు. ఆ కేకకు సిగ్గుపడేవాణ్ణి మేం మళ్లీ మోతకు పిలవం. డోలీ పడేది వాడి దగ్గరే.

జీపూ అప్పుడే మలుపు తిరిగింది. నిర్మల అటూ ఇటూ చూసి, సంచి నా ఒళ్లో పడేసి డోలీకి ఎదురు పరుగెత్తింది.

"నేనూ రానా ఏటే?" అంది మగ్దలేనమ్మ, అన్నం పళ్లెంతో.

"వద్దక్కా, నేను సూసుకుంటాను." తల్లిని లోపలికి చేర్చగానే కాన్పు గది తలుపు మూసుకుంది.

మగ్దలేనమ్మ తలుపు పక్కనే కూర్చుంది. ముద్ద కలుపుతోంది, తినడం లేదు. లోపల తల్లి అరుపులు, బయట జీపు హారన్. కోతలు కోయడానికి నాకు ఒక్క కతా తోచలేదు.

"బుజం! అక్కా, బుజం!"

పళ్లెం దొర్లింది. మగ్దలేనమ్మ లోపలికి దూకింది. జీపు వెళ్లిపోయింది. ఏడుపు వినిపించదేం? లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. అప్పుడు సన్నగా, కోపంగా, ఒక ఏడుపు.

నిర్మల టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని బయటికొచ్చింది. వణుకు పోలేదు. కూర్చోనూ లేదు. నాలుగడుగులకోసారి తల్లి మంచం వైపు తొంగిచూస్తోంది.

"తాతా, ఎలుగ్గొడ్డుకి ఏటి పుట్టింది?"

"నాకేటి తెలుసు? నేను మోసినోణ్ణి. నీ సంచి బరువుగున్నాది గుంటా."

"అయితే బుజం అనవేటి మరి?"

అన్నాను. నిర్మల సంచి తీసుకుని, బట్టలు మళ్లీ దండెం మీద వేసుకోవడానికి తన గదిలోకి వెళ్లింది.